రెండో చరణం

“పెంచవే. ఇంకా పెంచు!”

“బేస్ మరీ పెంచితే గొంతులన్నీ ముద్దైపోతాయమ్మా,” అంది స్తుతి, ఫోనులోని ఈక్వలైజర్ గీతల మీంచి వేలు తియ్యకుండానే.

“అయితే అవనీ. ముందు మీ నాన్న గొంతు ఇనబడాల నాకు.”

రాహేలు ఇయర్‌ఫోన్లని చెవుల్లోకి ఇంకాస్త అదుముకుంది. నిన్న ప్రాక్టీసులో అందరి ఎదుటా తన మొగుడు లూకాని చర్చి క్వయిర్లోంచి తీసేశాడు, దాన్ని నడిపే రూబెన్. టెక్కలి పోటీలో రెండో చరణం దగ్గర ఒక గొంతు శ్రుతి తప్పిందట, కప్పు అందుకే పోయిందట. ఎవరా గొంతు, వాళ్లింక పాడొద్దని రూబెన్ ఎగిరెగిరి పడుతుంటే, లూకా లేచి “నాదే తప్పు” అన్నాడు. అని, సైకిలెక్కి ఇంటికొచ్చేశాడు. ఇరవై రెండేళ్లుగా ఆ చర్చిలో బేస్ పాడుతున్న మనిషి! పొద్దున్నుంచి రాహేలు ఆ పోటీ పాట రికార్డింగునే తిప్పితిప్పి వింటోంది.

వాకిట్లో లూకా కొబ్బరికాయలకి పీచు తీస్తున్నాడు.

“ఒగ్గీవే రాహేలూ. అయిపోయిందానికి ఇప్పుడేటి?”

“నువ్వు మాటాడకు! తెరవాల్సిన కాడ నోరు మూసుకొని, నా కాడ తెరుత్తన్నావేటి?”

పాట రెండో చరణంలోకి వచ్చింది. అన్ని గొంతుల అడుగునా లూకా గొంతు, దూలం వేసినట్టు, పిసరంతైనా కదల్లేదు.

“ఇను! ఇందులో తప్పేదీ? బంగారం నాగుంది. మరి తప్పిందెవులు?”

“ఎవరైతే ఏటిలే అమ్మా. చార్జింగు అయిపోతంది.”

“నీకూ మీ నాన్న గాలి సోకిందేటి? ఆడోళ్ల గొంతులు ఏ గీతల కాడుంటాయి?”

“మధ్యలో. మిడ్ అంటారు.”

“అవి లేపు. బేస్ దింపు.”

స్తుతి తండ్రి వంక చూసింది. లూకా చేతిలో కాయ ఆగింది.

“వద్దు పాపా,” అన్నాడు.

“లేపమన్నానా!”

స్తుతి లేపింది. మగవాళ్ల మోత వెనక్కి తగ్గి, ఆడగొంతులు చెరిగిన బియ్యంలా విడివిడిగా తేలాయి. పైన ఆరుగురు సోప్రానోలు. వాళ్ల కింద, తగ్గు స్థాయిలో పాడే ఆల్టో. రెండో చరణం సగంలో ఆ ఆల్టో జారింది. ముక్కుతో, సన్నగా, కంచెలో తల ఇరుక్కున్న మేకలా అరిచింది.

“దొరికింది!” రాహేలు ఇయర్‌ఫోన్లు పీకి విసిరేసింది. “ఆల్టోలో ఉన్నది ఇద్దరమే. నానూ, ఆ రూబెన్ పెళ్లాం రెబెక్కా. పెళ్లాం పరువు కాయడానికి నిన్ను మొహమాటపెట్టాడన్నమాట! నువ్వు తగుదునమ్మా అని లేచావన్నమాట!”

“రూబెన్ నన్నేటీ అడగలేదే. ఆ పిల్లనేటీ అనకు, నా మాటిను.”

“ఆళ్ల మీద నీకు జాలేటి? నీ మీద ఎవులికుంది జాలి? ఆదివారం ఎనక బల్ల మీద, పాటల పుస్తకం ఒళ్లో ఎట్టుకొని కూకుంతావా? నీకు సిగ్గులేకపోయినా నాకుంది!”

కూతురి చేతిలోంచి ఫోను లాక్కుంది. చర్చి గ్రూపు తెరిచి, మైకు గుర్తు నొక్కిపట్టి, మొత్తం ఉద్దానానికి వినబడేలా అరిచింది.

“అందరూ ఇనండి! పోటీ పాట మీ అందరి ఫోన్లలోనూ ఉంది. బేస్ తగ్గించి, మిడ్ పెంచి, రెండో చరణం ఇనండి. ఆ మేక గొంతు మా ఆయనదేటి? ఆల్టోది! రెబెక్కా, దేవుని మందిరంలో నిలబడేదానివి, నీ తప్పు ఇంకొకరి మీద ఎట్టడానికి నీకు నోరెలాగొచ్చింది?”

లూకా చేతులు దులుపుకుంటూ పరుగున వచ్చేసరికే ఆ వాయిస్ మెసేజ్ వెళ్లిపోయింది. అతను మెట్టు మీద కూలబడ్డాడు.

గ్రూపులో నలభై మంది విన్నారు. తర్వాత రెబెక్కా దగ్గర్నుంచి ఒక్క ముక్క వచ్చింది.

“వదినా, ఆ రోజు నాకు గొంతు పట్టేసింది, ఉత్త పెదాలే ఆడించాను.”