బాలింత నీళ్ళు

"చెవుల్లో దూది ఏదే? మళ్ళీ తీసి పారేశావా?" అంటూ జ్ఞానమ్మ కూతురి మంచం దగ్గరికి వచ్చింది. ఆవిడ చేతిలో మట్టి మూకుడు, మూకుడులో నిప్పులు, నిప్పుల మీద సాంబ్రాణి.

"అమ్మా, నాకు తీసింది గాల్ బ్లాడర్. నేను పురిటి మంచం మీద లేను" అంది స్నేహలత.

"పొట్ట మీద కత్తి పడ్డాక ఏదైతే ఏంటి? పచ్చి ఒళ్ళు పచ్చి ఒళ్ళే. ఇప్పుడు గాలి సోకిందంటే జన్మంతా తలనొప్పే."

"కత్తి కూడా పెద్దగా పడలేదండి అత్తయ్యగారూ. నాలుగు చిల్లులు పెట్టి లాగేశారు" అన్నాడు అల్లుడు అజయ్ బాబు.

"నువ్వూరుకో బాబూ. పొద్దున కలిపిచ్చిన అన్నం తిందా ఇది?"

"మెతుకు మిగల్చలేదండి" అన్నాడు అజయ్ బాబు, మూతి తుడుచుకుంటూ.

వెల్లుల్లి కారం, వేడన్నం, పైన గరిటెడు నెయ్యి. నెయ్యి దగ్గరికి రానివ్వొద్దని డాక్టరు మరీ మరీ చెప్పినా జ్ఞానమ్మ రేపల్లె నుంచి వచ్చిన రోజు నుంచీ అదే కలుపుతోంది. ఆవిడ అటు తిరగ్గానే ఆ ముద్దలన్నీ అల్లుడి నోట్లోకి పోతున్నాయి. స్నేహలత మాత్రం జావ, ఇడ్లీ, ఉప్పేసిన మజ్జిగతో సరిపెట్టుకుంటోంది. కాస్త ఎక్కువ తింటే చాలు, కడుపు బిగదీసుకుపోతోంది. బాపట్ల కాలేజీ ఆఫీసులో మళ్ళీ చేరాక, సాయంత్రం స్టేషన్లో రైలు కోసం నిలబడినప్పుడు మిరపకాయ బజ్జీల వాసనను ఎలా దాటాలో అని అప్పుడప్పుడూ ఆలోచిస్తోంది.

"పథ్యం నాది, ఒళ్ళు మీకొస్తోంది. బుగ్గలు చూసుకున్నారా అద్దంలో?" అని మొగుడితో గుసగుసగా అని, నవ్వొచ్చి, పొట్ట పట్టుకుంది.

సాంబ్రాణి పొగ గదంతా నిండి, కిటికీలోంచి పక్కింటి వైపు వెళ్ళింది. కాసేపటికి గోడ అవతలి నుంచి ఒక గొంతు. కొత్తగా అద్దెకు వచ్చిన జయలక్ష్మి.

"పిన్నిగారూ! వాసన ఘుమఘుమలాడిపోతోంది. మీ అమ్మాయికేనా అండి పురుడు? పాపా, బాబా?"

అజయ్ బాబు నవ్వు ఆగిపోయింది. ఏమీ వినపడనట్టు వంటింట్లోకి వెళ్ళి పంపు తిప్పాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఆ ఇంట్లో ఎవరూ ఆ మాట ఎత్తరు.

"కాదమ్మా, ఆపరేషను" అంది జ్ఞానమ్మ గోడ వైపు చూసి.

స్నేహలత లేచి కూర్చుంది. "సాయంత్రం బండికి నువ్వు రేపల్లె వెళ్ళిపోమ్మా" అంది.

"ఏంటే?"

"వెళ్ళిపో. నీకు దణ్ణం పెడతాను. నా పని నేను చూసుకుంటాను."

జ్ఞానమ్మ మూకుడు కింద పెట్టింది. కూతురి ముఖం కేసి చూసి, "సరే, వెళ్తాలే. వావిలాకు వేసి కాచాను, నీళ్ళు చల్లారిపోతాయి. రా, పోసుకుని పడుకుందువు గాని" అంది.

కుట్లు విప్పేశారు, స్నానం చేయొచ్చన్నారు. ఇదొక్కటీ అయిపోతే తల్లిని బండెక్కించొచ్చని స్నేహలత గోడ పట్టుకుని నడిచి, స్నానాల గదిలో పీట మీద కూర్చుంది.

మొదటి చెంబు వీపు మీద పడింది.

ఎంత వేడి ఉండాలో అంతే వేడి. వావిలాకు వాసన ముక్కుకు తగిలేసరికి స్నేహలతకు రేపల్లెలో చర్చి వెనక పేట అంతా కళ్ళ ముందుకొచ్చింది. ఆ పేటలో ఏ ఇంట్లో పురుడైనా అమ్మకు కబురు వచ్చేది. చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని అమ్మ ముందు నడిచేది, సున్నిపిండి డబ్బా పట్టుకుని తను వెనక. గడప మీద కూర్చుని చూస్తుండేది. పాలిపోయిన ముఖాలతో వచ్చి పీట మీద కూలబడిన ఆడవాళ్ళు అమ్మ చేతి నీళ్ళు వీపున పడగానే హాయిగా కళ్ళు మూసుకునేవాళ్ళు. ఆ తర్వాత అమ్మ కాళ్ళు చాపుకుని, పసిబిడ్డను కాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టుకునేది. పనంతా అయ్యాక ఆ ఇంటివాళ్ళు తన చేతిలో బెల్లం ముక్క పెట్టేవాళ్ళు.

ఆ బెల్లం చప్పరిస్తూ, నాకు కూడా అమ్మ ఒక రోజు ఇలాగే పోస్తుంది అనుకునేది.

ఇప్పుడు పోస్తోంది. అదే చెయ్యి, అదే వాసన. లోపల ఉయ్యాల లేదు, అంతే.

నీళ్ళలో కన్నీళ్ళు కలిసిపోయాయి గానీ వెక్కిళ్ళను భుజాలు దాచలేకపోయాయి.

"ఏడవకే, కుట్లేసిన చోట లాగుతుంది" అంది జ్ఞానమ్మ.

"ఎందుకమ్మా ఇదంతా? ఊళ్ళో అందరికీ పోశావు, సొంత కూతురికి పోయలేకపోయానని కొరతా? నీ ముచ్చట కోసం నన్ను బాలింతను చేసి కూర్చోబెడతావా?"

"అది కాదే..."

"కన్న తల్లివి నువ్వు. కడుపు పండని దాని బాధ నీకేం తెలుసు?"

చెంబు గాల్లోనే ఆగిపోయింది. స్నేహలతకు భయమేసింది. అనకూడని మాట అన్నానని తెలిసింది. వెనక్కి తిరగబోయింది.

జ్ఞానమ్మ తిరగనివ్వలేదు. కూతురి నుదుటికి అరచెయ్యి అడ్డం పెట్టి, పసిపిల్లకు పోసినట్టు, కళ్ళలోకి చుక్క కారకుండా ఆ చెంబుడు నీళ్ళూ మెల్లగా తల మీద పోసింది. పమిట చెంగుతో ముఖం తుడిచింది.

"నాకు మాత్రం ఎవరు పోశారే? నిన్ను కన్నావిడకి నీళ్ళు పోద్దామని వెళ్ళేసరికే ఆవిడ కన్నుమూసింది. నిన్నెత్తుకుని ఇంటికొచ్చేశాను."