బంగారం దాచిన ఫ్లాస్కు

ఫోన్లలోని డబ్బు పనిచేయడం మానేశాక ఒంగోలులో అందరూ దాచుకున్న బంగారం బయటికి తీశారు. ఇలాంటి రోజు వస్తుందనే ఇంటింటా దాన్ని ముందే చిన్న చిన్న ముక్కలుగా కత్తిరించి పెట్టుకున్నారు. హైమావతి తన ముక్కల్ని పాత ఫ్లాస్కులో దాచింది.

అత్తగారికి ఇన్సులిన్ అయిపోవడంతో ఫ్లాస్కు చంకన పెట్టుకుని మందుల షాపుకు వెళ్లి, నాలుగు ముక్కలు బల్ల మీద పోసింది.

"బంగారం నా దగ్గరా ఉందమ్మా. బియ్యం కొట్టాయన తీసుకుంటేగా," అన్నాడు షాపు మస్తానయ్య.

"మరేమివ్వను అన్నా? మా అత్తకి రేపటికి మందు లేదు."

అతని చూపు ఫ్లాస్కు మీద నిలిచింది. "దీంట్లో చల్లదనం ఆగుద్దా?"

"పొద్దున ఐసు వేస్తే రాత్రికి కూడా ఉంటది."

"కరెంటు లేక మందులు పాడైపోతన్నాయి. రేవు నుంచి ఐసు తెచ్చినా నిలవట్లా. అది నాకిచ్చెయ్, రెండు సీసాలిస్తా."

హైమావతి బంగారాన్ని కొంగున ముడేసుకుని, సీసాల్ని తడిగుడ్డలో చుట్టుకుని ఇంటికొచ్చింది. అత్తగారికి సూది వేశాక వంటింటి గడప మీద కూర్చుని జల్లెడను, తిరగలిని, కుట్టుమిషన్ను ఒక్కొక్కటిగా చూడసాగింది.

"ఏం చూస్తన్నావే?" అంది అత్తగారు.

"మనకి ఏమేం ఉన్నాయో చూస్తన్నా అత్తయ్యా."