‘అన్న’ అన్న మనిషి

విమానాశ్రయం దాటి బయటికి రాగానే మోటార్ల మెకానిక్‌ను ఆ దేశంలో మొదట ఆశ్చర్యపరిచింది నిశ్శబ్దం.

బస్సులు చప్పుడు చెయ్యడం లేదు. అంతమంది నడుస్తున్నా ఒకరినొకరు తోసుకోవడం లేదు. అతను రోడ్డు దాటడానికి జంకుతుంటే, ఇంత పెద్ద లారీ వచ్చి బుద్ధిగా ఆగింది.

ఇక్కడ ఇంజన్లకు కూడా మర్యాద తెలుసు అనుకున్నాడు.

అతను ఊరు చూడడానికి వచ్చినవాడు కాదు. ఓడల మరమ్మతు రేవులో వెల్డరుగా చేస్తున్న అన్న, ప్రమాదంలో తుంటి విరిగి ఇరవై రోజులుగా ఇక్కడి ఆసుపత్రిలో ఉన్నాడు. ఫోను నీళ్లపాలైంది. కంపెనీ పంపిన రెండు ముక్కల కబురు తప్ప మరేమీ తెలియదు.

భాష రాని దేశం వెళ్లి ఏం చేస్తావని అందరూ అడిగారు. అన్న లేకుండా గడప తొక్కనని వదినకు మాటిచ్చి బయల్దేరాడు.

భార్య ఒకటే జాగ్రత్త చెప్పింది. పిలవకుండా సాయానికి వచ్చేవాణ్ణి మాత్రం నమ్మవద్దని.

సరిగ్గా అలాంటివాడే ఎదురొచ్చాడు.

పొట్టి మనిషి. మాసిన కోటు, నిద్రలేని కళ్లు. మెకానిక్ ముఖంలోకి పరీక్షగా చూసి, నవ్వి, “అన్న” అన్నాడు.

మెకానిక్ ఉలిక్కిపడ్డాడు. అంతలోనే తేరుకున్నాడు. బేరానికి పనికొచ్చే మాట ఏ దేశంవాడికైనా ఇట్టే వంటబడుతుంది.

అక్కర్లేదని చెయ్యి ఊపి నడిచాడు. పొట్టివాడు వదల్లేదు. ట్రామ్ స్టాపు దాకా వెంటబడ్డాడు. పెట్టె పట్టుకోబోయాడు. నాలుగు వేళ్లు చూపించి, “నాలుగు” అన్నాడు.

“నాలుగు కాదు, ఒకటి కూడా ఇవ్వను. పో.”

ట్రామ్ వచ్చింది. మెకానిక్ ఎక్కబోయాడు. పొట్టివాడు పెట్టెను రెండు చేతులా పట్టి వెనక్కి లాగాడు.

“అన్న. రా. రా.”

ఇక మెకానిక్ ఊరుకోలేదు. అక్కడున్న కాపలాదారును పిలిచి, వీడు దొంగ అని సైగలతో చెప్పాడు. కాపలాదారు పొట్టివాడి జబ్బ పట్టుకున్నాడు. ట్రామ్ కదిలింది. అద్దంలోంచి చూస్తే పొట్టివాడు ఇంకా నాలుగు వేళ్లూ ఎత్తి చూపిస్తూనే ఉన్నాడు.

ఆ ట్రామ్ అతన్ని ఊరి చివర గోదాముల దగ్గర దింపేసింది.

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నోరే పనికిరాని ఊళ్లో చిరునామా రాసిన కాగితమే అతని నోరయింది. కనిపించిన ప్రతివాళ్లకూ చూపించాడు. ఒకరు అటన్నారు, ఒకరు ఇటన్నారు. వాన పడింది. కాళ్లు బొబ్బలెక్కాయి. ఆగలేదు. మధ్యాహ్నం రెండింటికి ఆసుపత్రి మెట్లెక్కాడు.

తమ్ముణ్ణి చూసి అన్న కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత తలుపు వైపు చూశాడు.

“వాడేడిరా?”

“ఎవరు?”

“నీ కోసం పంపినవాడు. నువ్వొచ్చే రోజు కంపెనీవాళ్లు చెప్పారు గానీ వేళ తెలీదు కదా, తెల్లారకముందే వెళ్లాడు. మన ముక్కు చూసి పోల్చుకుంటానన్నాడు.”

మెకానిక్ చేతిలో పెట్టె కింద పెట్టాడు.

“మూడే మాటలు నేర్పాను,” అన్నాడు అన్న. “‘మీ అన్న పంపాడు’ అనమంటే నాలిక తిరగలేదు. సరే, ఒక్క ‘అన్న’ అను, వాడికి అర్థమైపోతుంది అన్నాను. అన్న, రా, నాలుగు. ఇక్కడికొచ్చేది నాలుగో నంబరు ట్రామే.”

మెకానిక్ జరిగింది దాచకుండా చెప్పాడు.

అన్న గోడ మీది గడియారం వైపు చూశాడు. ఆ మనిషి ఓడ మీద కూలీ అనీ, పన్నెండింటికే ఓడ బయల్దేరాలనీ, మళ్లీ ఎనిమిది నెలల దాకా ఈ రేవుకు రాదనీ చివరికి మెల్లగా చెప్పాడు.

మెకానిక్ లేచాడు. తడిసిన చెప్పులతోనే నాలుగో నంబరు ట్రామెక్కి విమానాశ్రయం స్టాపుకు వెళ్లాడు. ఉదయం చూసిన కాపలాదారే ఉన్నాడు. గడియారం మీద ఒక గంట చూపించి, అంతసేపు ఆపి వదిలేశామని సైగ చేశాడు. పరుగెత్తుకుంటూ వెళ్లాడని రెండు వేళ్లతో చూపించాడు.

రేవుకు వెళ్లాడు. అన్న ఓడ పేరూ, ఆ మనిషి పేరూ రాసిచ్చిన చీటీ గేటు దగ్గర చూపిస్తే, అక్కడి గుమాస్తా పేర్ల పట్టీ చూసి సముద్రం వైపు చెయ్యి చూపాడు. అందరికన్నా చివర ఎక్కింది అతనేనని పట్టీలో వేలు పెట్టి చూపించాడు.

ఆ మనిషి ఓడ అందుకున్నాడన్న ఊరట ఒక్కటే మిగిలింది. చెప్పాల్సిన మాట మాత్రం గొంతులోనే ఉండిపోయింది.

సాయంత్రం తిరిగొచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. ఎనిమిది నెలలు కానీ, సంవత్సరం కానీ, ఆ ఓడ వచ్చే రోజుకు మళ్లీ వస్తానన్నాడు. ఈసారి వాళ్ల భాషలో నాలుగు మాటలు నేర్చుకునే వస్తానన్నాడు.

“అంత స్నేహితుడని ఎప్పుడూ చెప్పలేదేం అన్నయ్యా?”

“స్నేహితుడేం కాదురా. ఆ రోజు దాకా వాడి మొహం కూడా చూసెరగను,” అన్నాడు అన్న. “ఓడకీ గట్టుకీ మధ్య నేను నీళ్లలో పడినప్పుడు, అందరూ పైనుంచి కేకలేస్తుంటే దూకింది వాడొక్కడే.”