నోటి మాట చెల్లదు

ముసలాయన చీటీల బల్ల మీద చెయ్యి పెట్టాడు. ఎడ్గర్ ఫెన్విక్‌కి ఒళ్లు మండింది.

"చెయ్యి తియ్యి. పద్నాలుగు నెలల పని అది."

పద్నాలుగు నెలలన్నది నిజమే. లండన్‌లో ఆ నిఘంటువు ఆఫీసులో ఫెన్విక్ సబ్ ఎడిటర్. ఆయన వంతుకొచ్చిన మాట 'రన్'. చూడబోతే ఇంగ్లీషులో మూడక్షరాలు, మనిషిని మాత్రం పీల్చి పిప్పి చేసింది. ఏరు పారినా రన్నే, ముక్కు కారినా రన్నే, ఉతికిన గుడ్డ రంగు దిగినా రన్నే. క్రికెట్లో తీసేది రన్, కోళ్లు తిరిగే దడి రన్, గొర్రెల బీడు రన్, ఎన్నికల్లో నిలబడటమూ రన్నే. పుట్టుక చూద్దామంటే సగం పాత ఇంగ్లండు సాక్సన్లది, సగం ఉత్తరం నుంచి ఓడలెక్కి వచ్చిన నార్స్‌వాళ్లది. అర్థాలు నాలుగు వందలు దాటాయి, ఇంకా వస్తూనే ఉన్నాయి.

ఒక్కో అర్థానికీ ఒక చీటీ ఉండాలి. చీటీ మీద అచ్చు పుస్తకంలోని వాక్యం, అచ్చయిన సంవత్సరం. దేశం నలుమూలల నుంచీ చదువరులు ఊరికే రాసి పంపేవాళ్లు. చీటీ లేని అర్థం ఆ ఆఫీసు గుమ్మం తొక్కలేదు.

"కార్న్‌వాల్ నుంచి వచ్చానయ్యా," అన్నాడు ముసలాయన. "అక్కడ మాది తగరం గనుల ఊరు. అచ్చుకి ముందు సరిచూడమని మీరు పంపిన ప్రూఫు కాగితం మా పాస్టరుగారు చదివి వినిపించారు."

"అయితే?"

"గనిలో పైనున్న నేల విరిగి మీద పడితే మేం రన్ అంటాం. మీరూ అదే రాశారు, బాగుంది. పక్కన 'కూలీల అజాగ్రత్త వల్ల' అని ఎందుకు రాశారు?"

ఫెన్విక్ విసురుగా ఒక చీటీ లాగాడు.

"1868. ఒక గని యజమాని రాసిన పుస్తకం. ఉన్నది ఉన్నట్టు ఎక్కించాం. నేను కల్పించింది కాదు."

"ఆయన కల్పించాడు."

టైపు కొడుతున్న మిస్ హాబ్స్ తలెత్తింది.

"ఆ యజమాని గనిలోనే పదకొండు మంది పోయారయ్యా. పైకప్పుకి ఆనించిన ఊతకర్రలు పీకించింది ఆయనే, వేరే చోటికి కొత్తవి కొనడం దండగని. తప్పేమో చచ్చినోళ్ల నెత్తిన రుద్దాడు. ఆయన పుస్తకం ఎవడు చదివాడు గనక, పోనీలే అనుకున్నాం. మీది అలా కాదంట కదా. వందేళ్ల తర్వాత కూడా బడిపిల్లలు తీసి చూస్తారంట. ఆళ్లలో మావోళ్ల మునిమనవలూ ఉంటారు. ఆ మూడు మాటలు తీసెయ్యండి. ఇంకేం అడగను."

"అచ్చులో రుజువుందా?"

"నాకు చదువు రాదయ్యా."

"మరి ఎవరో చెప్పగా విన్నావా?"

"వినడమేంటి, ఆ రోజు నేను..."

"చాలు. వారానికొకరు వస్తారు ఇలా. మా తాత అలా అనేవాడని ఒకడు, మా అత్త ఇలా అనేదని ఇంకొకడు. నోటి మాట ఇక్కడ చెల్లదు పెద్దాయనా."

"యజమాని మాట మాత్రం నోట్లోంచి రాలేదా?"

ఫెన్విక్ గంట కొట్టి బంట్రోతును పిలిచాడు. డెబ్భై దాటిన మనిషి, అంత దూరం నుంచి రైల్లో కూలబడి వచ్చిన మనిషి. కూర్చోమనలేదు. మంచినీళ్లు ఇవ్వలేదు. నీ పేరేమిటని అడిగిన పాపాన పోలేదు. చదువు ఎక్కువైతే కళ్లు నెత్తికెక్కుతాయేమో మరి.

గుమ్మం దగ్గర ముసలాయన ఆగాడు.

"జనం మాటలన్నీ ఏరుకుని పుస్తకం వేస్తారు. జనాన్ని మాత్రం గెంటేస్తారు. మంచి ఆఫీసయ్యా మీది."

ఆయన వెళ్లాక మిస్ హాబ్స్ ఉండబట్టలేక అంది. "పూర్తిగా చెప్పనివ్వాల్సింది సార్."

"మీ పని మీరు చూసుకోండి."

ఏప్రిల్లో సంపుటం అచ్చయింది. ఆ మూడు మాటలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి.

జూన్లో ఇంకో ఊరి చదువరి, రిటైరైన మతగురువు ఒకాయన, చీటీ పంపాడు. గని ప్రమాదం మీద జరిగిన విచారణ నివేదిక, 1849లో అచ్చయింది. యజమాని పుస్తకం కంటే పంతొమ్మిదేళ్లు పాతది; ఎంత పాతదైతే నిఘంటువుకి అంత విలువ. ఫెన్విక్ ఎగిరి గంతేసినంత పని చేశాడు. తర్వాత వాక్యం చదివాడు.

'నేల రన్ అవుతుందని మూడుసార్లు చెప్పాం. కర్రలు తియ్యనివాడికి పని లేదన్నారు యజమాని.'

చెప్పినవాడు జాబెజ్ ట్రెంబాత్, పద్దెనిమిదేళ్లవాడు. రెండు రోజుల తర్వాత రాళ్ల కింద నుంచి ప్రాణాలతో బయటపడ్డ ఒకే ఒక్కడు.

ఫెన్విక్ మొహం మాడిపోయింది. పదకొండు మంది మీద అబద్ధం వేసి, బట్ట బైండు కట్టి, దేశంలోని బళ్లన్నిటికీ పంపించాడు. సిగ్గుపడ్డాడు, పడాల్సిందే. అప్పటికప్పుడు కార్న్‌వాల్ పాస్టరుకి ఉత్తరం చెప్పి రాయించాడు. అనుబంధంలో తప్పు దిద్దుకుంటామని, ఆ సాక్షి ఇంకా బతికుంటే తానే అక్కడికి వస్తానని, జరిగినదంతా ఆయన నోట వినాలని.

"నోటి మాటేనా సార్?" అంది మిస్ హాబ్స్, టైపు ఆపకుండానే.

"త్వరగా జవాబివ్వమని చివర్న చేర్చండి," అన్నాడు ఫెన్విక్.

వారానికి పాస్టరు దగ్గర్నుంచి జవాబు వచ్చింది.

'మీరు అడిగిన జాబెజ్ ట్రెంబాత్‌ను పోయిన ఆదివారమే ఆ పదకొండు మంది పక్కన పూడ్చిపెట్టాం. మార్చిలో మీ ఆఫీసుకొచ్చి, నోటి మాట చెల్లదనిపించుకుని తిరిగొచ్చింది ఆయనే.'