ఎరుపు పూర్తయ్యేలోపు

“దీపం పైకొచ్చేలోపల ఇల్లు సాఫ్ కాలేదనుకో, బట్టలు సదురుకో. ధారావిల మా ఇంటికి తోల్కపోత. ఈ ఖోలీకి తాళమే!” అంది రత్నాబాయి, ఫినాయిల్ సీసా మొత్తం నేల మీద గుమ్మరిస్తూ.

దర్శన గది మధ్యలో చెవులు మూసుకుని నిలబడిపోయింది. ముంబై కామాటిపురలో, వరస గదుల చాల్‌లో రెండో అంతస్తు గది అది. ఆమె ఒంటరిగా ఉండేది అక్కడే. ఆ గది పోతే కంటి నిండా నిద్రపోగలిగిన చోటు ఆమెకు ఇంకెక్కడా లేదు.

నవరాత్రులు మొదలయ్యే రోజని మేనత్త రత్నాబాయి పొద్దున్నే వచ్చి కొంగు బిగించింది. అటక మీది గిన్నెలన్నీ దింపింది. బీరువా ఖాళీ చేసి బట్టలు మంచం మీద కుప్ప పోసింది. చివరగా, పొద్దు వాలాక, ఇప్పుడే, పొయ్యిని బండ చివరికి బర్రున ఈడ్చి వెనకాల జిడ్డంతా గీకింది. సామానంతా ఇలా ఒక్కసారిగా మీద పడితే దర్శనకు దిక్కు తోచదు. ఏది ముందో, ఏది తర్వాతో తేలదు. కాళ్ళూ చేతులూ కదలవు, మాట గొంతులోనే ఆగిపోతుంది. డాక్టరు దాన్ని ఆటిజం అన్నాడు. అత్త మాత్రం నఖరా అంటుంది. డాక్టరు కన్నా అత్త గొంతే పెద్దది కాబట్టి చుట్టాలందరిలో ఆ మాటే నిలబడింది.

“అత్తా... ఏదో చప్పుడు.”

“ఏం చప్పుడే?”

“సన్నగా. ఆగుతలేదు.”

“అది నీ చెవులల్లనే ఉంటది! పక్కింట్ల పూనం మిక్సీ తిప్పినా ఏడుస్తవ్, మీద ఫ్యాన్ తిరిగినా ఏడుస్తవ్. చీపురు వట్టు ముందు!”

గాలికి దీపం ఆరిపోతుందని రత్నాబాయి కిటికీ రెక్కలు బిగించి మూసింది. ఆ చాల్‌లో ఎవరింటి నవరాత్రి దీపమైనా మెట్ల కిందున్న ఎల్లమ్మ గుడి దగ్గరే వెలిగించాలి. అక్కడి నుంచి ఆరకుండా ఇంటికి తెచ్చుకోవాలి. మధ్యలో ఆరితే ఆ ఇంటికి ఏడాదంతా కీడే. తలుపు దగ్గరికి వేసి అత్త దిగిపోయింది.

ఫినాయిల్ ఘాటును దర్శన భరించలేకపోయింది. చున్నీ నాలుగు మడతలు పెట్టి ముక్కుకు గట్టిగా బిగించుకుంది. తరువాత తనకు తెలిసిన ఒకే ఒక్క ఉపాయం పట్టుకుంది. ఇల్లంతా శుభ్రం చెయ్యడం ఆమె వల్ల కాదు. ఒక్క రంగైతే చెయ్యగలదు. ఇవాళ ఎరుపు. ఎరుపుకు చుట్టమని నారింజ రంగు కూడా.

ఎర్ర బకెట్ కడిగింది. ఎర్ర కుర్చీ తుడిచింది. ఎర్ర దుప్పటి మడిచింది. ఒక్క రంగునే వెతుకుతుంటే మిగతా గది కాస్త వెనక్కి తగ్గుతుంది, ఊపిరి ఆడుతుంది. చప్పుడు మాత్రం తగ్గలేదు. పొయ్యి వైపు వెళ్ళేకొద్దీ పెరిగింది.

కింద డప్పు మోగింది. అంటే గుడి దగ్గర దీపం వెలిగింది.

అత్త వచ్చేస్తుంది. గబగబా బండ కిందున్న ఎర్ర సిలిండరు తుడిచింది. ఇక ఒక్కటే మిగిలింది. పొయ్యి వెనక్కి గుడ్డ పోనిచ్చింది. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది.

మెట్ల మీద అడుగులు వినిపించాయి. ఆడవాళ్ళ పాట దగ్గరవుతోంది.

రత్నాబాయి కొంగు చాటున దీపం పట్టుకుని గదుల ముందున్న గ్యాలరీలోకి వచ్చేసరికి మూసిన తలుపుకు వీపు ఆనించి దర్శన నిలబడి ఉంది. మొహం పాలిపోయింది.

“జరుగు.”

దర్శన జరగలేదు. పెదవులు కదిలాయి, మాట రాలేదు.

“సాఫ్ చెయ్యలేదు గదా! అందుకే అడ్డం నిలవడ్డవా? జరుగే, దీపం ఆరిపోతది!”

“అత్తా, ఆగుండ్రి. పొల్ల ఏదో చెప్పవోతుంది,” అంది వెనక నుంచి పక్కింటి పూనం.

“దీని చెప్పుడు నాకు తెల్వదా!” రత్నాబాయి ఒక చేత్తో దీపం పట్టుకుని, రెండో చేత్తో తలుపు నెట్టబోయింది. దర్శన చున్నీ కిందికి లాగింది, వంగింది, ఒక్క ఊదు ఊదింది.

దీపం ఆరిపోయింది. పాట ఆగిపోయింది. ఒకావిడ చెంపలేసుకుంది.

దర్శన చెంప ఛెళ్ళుమంది.

“ఎల్లమ్మ దీపం ఊదుతవా! ఇగ అయిపోయింది. ఇయ్యాల్నే నడువ్ ధారావికి!” రత్నాబాయి ఆమెను పక్కకు తోసి లోపలికి దూసుకుపోయింది. సంధ్య వెలుగు మసకగా ఉంది. ఎర్ర కుర్చీ మెరుస్తోంది, దాని చుట్టూ అంతా చిందరవందరే. కిటికీ బార్లా తెరిచి ఉంది. “కిటికీ ఎందుకు దీసినవ్? ఏం పసారా ఇది!” అంటూ లైటు వెయ్యడానికి గోడ మీదికి చెయ్యి చాపింది.

దర్శన ఆ చేతి మీద పడింది. గోళ్ళు దిగేలా మణికట్టు పట్టుకుంది. అప్పటికి మాట బయటపడింది.

“బటన్ ఒత్తకు అత్తా!”

“వదులు! ఏందే నీకు...”

కసరడానికి రత్నాబాయి గట్టిగా ఊపిరి పీల్చింది. ఫినాయిల్ వెనక నుంచి మరో వాసన గుప్పున తగిలింది. దర్శన చూపుడువేలు వెంట ఆమె కళ్ళు మెల్లగా వెళ్ళాయి. ఇందాక తాను ఈడ్చి తోమిన పొయ్యి వెనక, ఊడివచ్చిన నారింజ రంగు గ్యాస్ గొట్టం నేల దాకా వేలాడుతోంది.