ఇంటి నెట్టు

నాలుగోసారి కూడా ఫోను అదే మాట చూపించింది.

ముత్యాలప్ప కళ్లజోడు తీసి, పంచె కొసతో తుడిచి, మళ్లీ పెట్టుకుని చదివాడు. గూడ్సు బండ్ల గార్డుగా చీకట్లో, వానలో దూరపు సిగ్నళ్లు చదివిన మనిషి. పట్టపగలు ఈ నాలుగు ముక్కలు తప్పు చదువుతాడా?

'నెట్టు' అని రాసుకున్న నంబరు నొక్కాడు. వీరేష్ ఎత్తాడు.

"చెప్పండి సార్."

"ఏం చెప్పేదప్పా. మా ఇంటి కెమెరా తెరుచుకుంటా లేదు. యాడనుంచైనా ఫోనులో ఇల్లు చూసుకోవచ్చని చెప్పి పెట్టిస్తివే?"

"ఏమని వస్తాంది సార్?"

"'మీరు ఇప్పటికే ఇంటి నెట్‌వర్కులో ఉన్నారు' అంట. నేనేమో డ్యూటీ మీద గుంతకల్లులో ఉండా. ఇల్లు గుత్తిలో ఉండాది. దీనికేమన్నా బుద్ధుండాదా?"

వీరేష్, "ఒకసారి ఫోను ఆపి మళ్లీ ఆన్ చేయండి సార్," అన్నాడు.

ముత్యాలప్ప అలాగే చేశాడు. రెండు నిమిషాలు బొమ్మ తిరిగింది. మళ్లీ అదే మాట. ఫోనును మంచం కోడుకేసి కొట్టబోయి ఆగి, మళ్లీ నంబరు నొక్కాడు.

"పొద్దున నేను బయల్దేరేటప్పుడు మా లక్ష్మీనరసమ్మకు ఒళ్లు కాలిపోతా ఉన్నింది. ఇంట్లో ఒక్కతే ఉండాది. ఆమెకు ఫోను వాడేదానికి రాదు. నా బాధ నీకు అర్థమైతాందా?"

"అర్థమైతాంది సార్."

వంట చేసిన ఆమె కంచం పట్టుకుని పక్కన నిలబడింది. సంగటి ముద్ద, ఊరుబిండి పచ్చడి. ముద్ద మీద ఆవిరి ఎప్పుడో పోయింది.

"రెండు ముద్దలు తిను. మాత్రలు ఏసుకోవాల," అంది.

"ఆడ పెట్టి పోమ్మా. నా పెండ్లాం ఎట్లుండాదో తెలిసేదాకా నాకు ముద్ద దిగదు."

ఆమె పెట్టలేదు. పోలేదు.

"సార్," ఫోనులో వీరేష్ నెమ్మదిగా అన్నాడు. "పైన వైఫై గుర్తు ఉంటాది చూడండి. దాన్ని నొక్కి ఆపేయండి. సిమ్ము నెట్టుతో పోదాం."

"డ్యూటీ గార్డులు పండుకునే ఈ రన్నింగ్ రూములో వైఫై యాడిదప్పా?"

"ఉంటాది సార్. ఆపేయండి."

గొణుక్కుంటూనే ఆపాడు. బొమ్మ తిరిగింది. తెర ఒక్కసారి నల్లబడి, తెరుచుకుంది.

వంటిల్లు. పొయ్యి, నీళ్ల బిందె, గోడకు క్యాలెండరు. మనిషి లేదు.

ముత్యాలప్ప తెర మీదికి వంగాడు. "వచ్చిందప్పా. కానీ ఆమె లేదు. యాడన్నా పడిపోయిందేమో. పక్కింటోళ్లకు చెప్పేదానికి నంబరు కూడా లేదు నా దగ్గర. నేనిప్పుడు ఏం చేసేది?"

"ఏం కాలేదు సార్. నీళ్లకు పోయుంటాది. మీరు చూస్తానే ఉండండి, వస్తాది."

ముత్యాలప్ప కన్ను ఆర్పకుండా తెరనే చూస్తూ కూర్చున్నాడు.

పెరట్లో ఫోనుకు చెయ్యి అడ్డం పెట్టుకుని వీరేష్ హాల్లోకి తొంగిచూసి, కంచంతో నిలబడిన ఆమెతో గొంతు తగ్గించి అన్నాడు: "అమ్మా, వంటింట్లో కెమెరా ముందరికి పో, నాయన నీ కోసం ఎదురు చూస్తాండాడు."