అడుగు బిరడా

“ఇంకేం మిగిలిందయ్యా?” షెడ్డు గుమ్మంలో నిలబడి అడిగింది వదిన.

“పడవలో ఈ కుర్చీ బిగిస్తే అయిపోయినట్టే వదినా.”

“పోయిన ఏడాదీ ఇదే మాటన్నావు.”

అన్నయ్య ఈ చేపల పడవలోనే వెళ్లి చెరువులో మునిగి చనిపోయాక, మూడేళ్లలో అతను దీనికి కొత్త చెక్కలు పరిచాడు, లైట్లు పెట్టాడు, గాలాల కర్రలు నిలబెట్టడానికి గొట్టాలు బిగించాడు. నీళ్లలోకి మాత్రం ఒక్కసారీ దించలేదు.

వదిన వంగి, పడవ వెనక అడుగునున్న కన్నంలో వేలు పెట్టింది.

“దీనికి బిరడా కొనలేదేం?”

అతని చేతిలో స్క్రూడ్రైవర్ ఆగిపోయింది. అన్నయ్య పోవడానికి ముందురోజు చేపలు పట్టి వచ్చాక, లోపలి నీళ్లు పోవడానికి బిరడా తీసింది అతనే. తీసినవాడే తిరిగి పెట్టాలి. పెట్టలేదు. తెల్లారి అన్నయ్య ఒక్కడే వెళ్లాడు. పడవ గాలికి తిరగబడిందన్నారు అందరూ. అతనూ ఔనన్నాడు.

“మర్చిపోయా.”

వదిన గుప్పిట విప్పింది. అరిగిన రబ్బరు బిరడా.

“మీ అన్నయ్య పోయిన వారమే నీ చొక్కా ఉతుకుతుంటే జేబులో దొరికింది.”

“మరి ఇన్నాళ్లూ...”

“నువ్వే చెబుతావని చూశాను.”

బిరడాను కన్నంలో పెట్టి అరచేత్తో గట్టిగా నొక్కింది.

“పనైపోయింది. పడవ దించు,” అంది. “ముందు నేనెక్కుతాను.”